తుప్పు పట్టని పైపు, తుప్పు పట్టే మెషీన్

ఇరవై ఏళ్ల కిందట బోరులో దింపిన పీవీసీ కేసింగును పైకి లాగినప్పుడు చూశారా? మట్టి అంటుకుని ఉంటుంది. ఉప్పునీళ్ల ఊళ్లలో అయితే తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది. తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే కింద పైపు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అదే బోరులో అంతకుముందు జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పైపులు దింపిన రైతును అడిగితే, ఎన్నేళ్లకు చిల్లులు పడ్డాయో, ఎన్నిసార్లు మార్చాడో లెక్కతో సహా చెబుతాడు. తుప్పు బాధ లేదనే కదా ఊరూరా పీవీసీ వచ్చింది.

ఆ పైపును తయారుచేసిన మెషీన్‌ను లోపలికి తొంగిచూసేవాళ్లు తక్కువ. అక్కడ కథ తిరగబడి ఉంటుంది. తుప్పు పట్టని పైపునిచ్చే రెసినే, అంటే పీవీసీ పొడే, తనను కరిగించే స్టీలును తినేస్తుంది.

నేను ఒక పైపుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసిన రోజుల్లో ఒక రాత్రి షిఫ్టులో కరెంటు పోయింది. జనరేటర్ అందుకోలేదు. అరగంటలో వస్తుందిలే అనుకున్నారు, తెల్లారుజామున వచ్చింది. అప్పటిదాకా బ్యారెల్‌లో, అంటే రెసిన్‌ను కరిగించే లావుపాటి స్టీలు గొట్టంలో, మెటీరియల్ అలాగే ఉంది. హీటర్లు ఆగినా అంత లావు ఇనుము ఒక్కసారిగా చల్లారదు, గంటల తరబడి వేడిని పట్టుకునే ఉంటుంది. పొద్దున మెషీన్ మొదలుపెడితే పైపు మీద నల్లటి చారలు, తర్వాత నల్లటి ముక్కలు, ఆ తర్వాత ముక్కు మండించే ఘాటు. ఆపేసి, బ్యారెల్ లోపల తిరుగుతూ మెటీరియల్‌ను ముందుకు తోసే స్క్రూను బయటికి లాగాం. దాని మీద పీవీసీ బొగ్గులా గట్టిపడింది. ఇత్తడి గీకుడు కర్రలతో సగం రోజు గీకాం. బొగ్గు ఊడిన చోట్ల స్టీలు మీద అమ్మోరు మచ్చల్లాంటి గుంటలు బయటపడ్డాయి. అది అప్పటికే జరిగిపోయిన నష్టం. ఆ తర్వాత మేము చేసిన తప్పు ఇంకోటి ఉంది. అలసిపోయి, గీకిన స్క్రూను గుడ్డతో తుడిచి, స్టాండు మీద పెట్టి ఇళ్లకు వెళ్లిపోయాం. వానాకాలం. మర్నాడు వచ్చేసరికి ముందురోజు మెరిసిన చోట కూడా పసుపు కలిపినట్టున్న తుప్పు పొర.

ఆ మర్నాటి తుప్పే నాకు అసలు విషయం నేర్పింది. రెసిన్ మెషీన్లలో ఎక్కువ నష్టం మెషీన్ నడిచేటప్పుడు జరగదు, ఆగినప్పుడు జరుగుతుంది. ఎందుకో తెలియాలంటే రెసిన్ లోపల ఏముందో చూడాలి.

చెట్టు నుంచి కారే గుగ్గిలం, సాంబ్రాణి కూడా రెసిన్లే. ఫ్యాక్టరీలో మాత్రం రెసిన్ అంటే 25 కిలోల సంచుల్లో వచ్చే తెల్లటి పొడి. పీవీసీ రెసిన్ బరువులో దాదాపు 57 శాతం క్లోరినే. ఆ క్లోరిన్ ఉప్పులోంచి వస్తుంది, మిగతాది పెట్రోలియం నుంచి వచ్చే ఇథిలీన్. పైపు గట్టిగా ఉండటానికి, తేలిగ్గా మంట అంటుకోకపోవడానికి, నీళ్లకూ ఎరువులకూ లొంగకపోవడానికి ఆ క్లోరిన్ చాలా వరకు కారణం. కానీ అది పీవీసీ అణువు అనే పొడవాటి గొలుసులో కట్టేసి ఉన్నంతసేపే మన పక్షాన ఉంటుంది.

పీవీసీ గొలుసును వేడి చేస్తే, బలహీనంగా ఉన్న ఒక చోట క్లోరిన్ ఊడి, పక్కనున్న హైడ్రోజన్‌ను వెంటబెట్టుకుని హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటపడుతుంది. అది వెళ్లిన చోట గొలుసులో జంట బంధం మిగులుతుంది. ఆ జంట బంధం పక్క క్లోరిన్ పట్టును వదులు చేస్తుంది. గోనెసంచి మూతి కుట్టు ఒక చివర పట్టి లాగితే వరసగా ఊడిపోయినట్టు, ఒకటి తర్వాత ఒకటి ఊడుతూ పోతాయి. పైగా, బయటపడిన ఆ వాయువే ఇంకా ఊడటానికి తోడ్పడుతుంది. జంట బంధాలు ఒక వరసలో ఆరేడు చేరేసరికి తెల్లటి మెటీరియల్ పసుపు తిరుగుతుంది, తర్వాత గోధుమ రంగు, చివరికి నలుపు. ఆపరేటర్లు ‘మెటీరియల్ కాలింది’ అంటారు. నిజానికి అక్కడ మంట లేదు, యాసిడ్ ఊడిపోయిన గొలుసు రంగు అది.

స్టెబిలైజర్, అంటే ఈ విడిపోవడాన్ని ఆలస్యం చేసే పదార్థం, కలపని పీవీసీ 100 డిగ్రీల సెల్సియస్ దాటిన దగ్గర్నుంచీ ఇలా విడిపోవడం మొదలుపెడుతుంది. పైపు చేయాలంటే దాన్ని 160 నుంచి 200 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. అంటే తన ఓపికకు మించిన వేడిలోనే ఈ రెసిన్ పని చేయాలి. స్టెబిలైజర్ చేసేది కొంత సమయం కొనిపెట్టడమే.

ఒక చిన్న లెక్క వేద్దాం. 62.5 కిలోల పీవీసీ పూర్తిగా విడిపోతే 36.5 కిలోల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అంత ఎవరూ కాల్చరు. గంటకు 300 కిలోలు లాగే ఒక లైనులో రోజుకు 7,200 కిలోలు నడుస్తుంది. అందులో పదివేల వంతుల్లో ఒక్క వంతు విడిపోయిందనుకోండి. 720 గ్రాముల రెసిన్, అంటే 420 గ్రాముల వాయువు. దాన్ని నీళ్లలో కలిపితే బజారులో దొరికే 33 శాతం యాసిడ్ లీటరు పైచిలుకు. చాలా భాగాన్ని స్టెబిలైజర్ పట్టేసుకుంటుంది, నిజమే. అయినా, బాత్రూమ్ బండలు కడిగే యాసిడ్ సీసా ఒకటి రోజూ మెషీన్‌లో ఎక్కడో ఒలకడానికి సిద్ధంగా ఉందనుకుంటే స్టీలు పరిస్థితి అర్థమవుతుంది.

మరి నడిచేటప్పుడు ఎందుకు తినదు? ఆ వేడిలో ఆ వాయువు పొడిగా ఉంటుంది. పొడి హైడ్రోజన్ క్లోరైడ్ 180, 200 డిగ్రీల దగ్గర స్టీలును చాలా నెమ్మదిగా తాకుతుంది. దానికి నీళ్లు తగలాలి. ఒక్క చెమ్మ పొర చాలు, వాయువు అందులో కరిగి హైడ్రోక్లోరిక్ యాసిడ్ అవుతుంది. అందుకే నడిచే మెషీన్‌లో కూడా మొదట తుప్పు కనిపించేది బాగా వేడిగా ఉండే చోట కాదు. హాపర్ (పొడి పోసే గరాటు) కింద నీళ్లతో చల్లబరిచే గొంతు దగ్గర, వ్యాక్యూమ్‌తో వాయువును లాగే వెంట్ మూత లోపల, డై (పైపుకు ఆకారమిచ్చే మూతి) పెదవుల చివర, ఫ్లాంజ్ అతుకుల సందుల్లో చూడండి. వేడికీ చల్లదనానికీ సరిహద్దు ఎక్కడుందో అక్కడ చెమ్మ చేరి, వాయువు యాసిడ్ అవుతుంది. మెషీన్ మొత్తం ఆగి చల్లారితే ఆ సరిహద్దు బ్యారెల్ అంతటా పాకుతుంది.

ఇనుము, యాసిడ్ కలిస్తే ఇనుము క్లోరైడ్ తయారవుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి చెమ్మ ఆరదు. అంతకంటే చెడ్డ సంగతి, ఇనుము క్లోరైడ్ పీవీసీ విడిపోవడాన్ని ఇంకా తొందర చేస్తుంది. గుంటలో ఇరుక్కున్న కొంచెం మెటీరియల్ మర్నాడు మళ్లీ వేడెక్కగానే ముందుగా కాలుతుంది, మళ్లీ యాసిడ్ వదులుతుంది, గుంట ఇంకొంచెం లోతవుతుంది. తుప్పు తన మేత తానే సంపాదించుకుంటుందన్నమాట. ఒక గుంటను చిన్నదే కదా అని వదిలేస్తే రెండేళ్లకు ఎందుకంత పెద్దదవుతుందో మెయింటెనెన్స్ వాళ్లకు బాగా తెలుసు.

దీనికి అరుగుదల తోడవుతుంది. పైపు కాంపౌండ్‌లో, అంటే రెసిన్‌తో కలిపిన మిశ్రమంలో, సుద్ద పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, కలుపుతారు. సుద్ద యాసిడ్‌ను కొంత మింగేస్తుంది, అది మంచిదే. కానీ యాసిడ్ మెత్తబరిచిన స్టీలు పై పొరను అదే సుద్ద గీకి తీసుకుపోతుంది. కొత్త లోహం బయటపడుతుంది, యాసిడ్‌కు మళ్లీ తాజా మేత. స్క్రూకీ బ్యారెల్‌కీ మధ్య సందు పెరుగుతుంది. సందు పెరిగితే మెటీరియల్ ముందుకు పోకుండా కొంత వెనక్కి జారుతుంది, వేడిలో ఎక్కువసేపు ఉంటుంది, ఇంకా కాలుతుంది. అవుట్‌పుట్ తగ్గిందని ఆపరేటర్ టెంపరేచర్ ఓ ఐదు డిగ్రీలు పెంచుతాడు. ఆ ఐదు డిగ్రీలు చేసే నష్టం కొత్త స్క్రూ బిల్లు వచ్చినప్పుడు కానీ తెలియదు. సందు కొలిచే అలవాటు ఉన్న ఫ్యాక్టరీలో ఈ చక్రం మొదట్లోనే దొరికిపోతుంది. లేనిచోట అందరూ రెసిన్ నాణ్యతను తిడుతూ కూర్చుంటారు.

ఇక మంచి లోహం వేస్తే సరిపోదా అని అడుగుతారు. ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. గట్టిదనం, యాసిడ్‌ను తట్టుకునే గుణం ఒకే లోహంలో సులభంగా కలవవు. మామూలు బ్యారెళ్లు నైట్రైడింగ్ చేసిన, అంటే పై పొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచిన, స్టీలు. పైన అర మిల్లీమీటరు మందం లోపు పొర రాయిలా గట్టిగా ఉంటుంది. పాలిథిన్, పాలిప్రొపిలిన్ లాంటి రెసిన్లకు హాయిగా సరిపోతుంది. సుద్ద గీకుడును కూడా కొంత ఓర్చుకుంటుంది. యాసిడ్ ముందు మాత్రం నిలవదు, ఆ పొర పోయిందంటే కిందిది మెత్తటి స్టీలే. స్క్రూ మీద హార్డ్ క్రోమ్ వేయించడం పాత పద్ధతి. చూడటానికి అద్దంలా ఉంటుంది, మెటీరియల్ కూడా అంటుకోదు. కానీ ఆ పూతలో కంటికి కనిపించని సన్నటి పగుళ్లుంటాయి. యాసిడ్ వాటిలోంచి దిగి అడుగు స్టీలును తింటుంది, పైన క్రోమ్ పెచ్చులుగా లేస్తుంది. పైగా క్రోమ్ కూడా హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగేదే. పాత పూత తీసేయడానికి వర్క్‌షాపుల్లో వాడేది అదే యాసిడ్.

స్టెయిన్‌లెస్ స్టీల్ అనగానే చాలామంది ధీమాగా ఉంటారు. వంటింట్లో నిజమే. క్లోరైడ్ ఉన్నచోట 304, 316 రకాలు గుంటలు పడతాయి, వేడీ ఒత్తిడీ తోడైతే పగుళ్లు కూడా వస్తాయి. అందుకే పీవీసీ డైలకూ అచ్చులకూ గట్టిపరచడానికి వీలైన, క్రోమియం ఎక్కువున్న టూల్ స్టీళ్లు వాడతారు. బ్యారెల్‌కు ఇంకో దారి, బైమెటాలిక్. బయట మామూలు స్టీలు గొట్టం, లోపల గిర్రున తిప్పుతూ పోత పోసిన వేరే మిశ్రలోహపు పొర. ఇందులో కూడా ఇనుము ఎక్కువున్న పొర అరుగుదలకు మంచిది, నికెల్ ఎక్కువున్నది యాసిడ్‌కు మంచిది. ‘బైమెటాలిక్ కదా’ అని రకం అడగకుండా కొనేవాళ్లను చూశాను. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

వేడినీళ్ల పైపులకు వాడే సీపీవీసీ సంగతి ఇంకా కష్టం. పీవీసీకి మరింత క్లోరిన్ ఎక్కించి 63 శాతం పైకి తీసుకెళ్తారు. ఎక్కువ వేడి కావాలి, ఎక్కువ చిక్కగా ఉంటుంది, కాలితే ఎక్కువ యాసిడ్ ఇస్తుంది. పీవీసీకి పనికొచ్చిన పాత స్క్రూ మీద సీపీవీసీ నడుపుదామనుకోవడం డబ్బు ఆదా చేసే ఆలోచన కాదు.

నా అనుభవంలో లోహం కంటే ఎక్కువ పని చేసేది ఆపే పద్ధతి. ఆదివారం సెలవుకు మెషీన్ ఆపాలంటే శనివారం సాయంత్రం స్విచ్ కట్టేస్తే చాలదు. ముందు టెంపరేచర్లు తగ్గించుకుంటూ రావాలి. మామూలు మెటీరియల్ అయిపోయేదాకా నడపాలి. తర్వాత స్టెబిలైజర్ దండిగా ఉన్న పర్జింగ్ కాంపౌండ్ (లోపలి పాత మెటీరియల్‌ను తోసి కడిగే మిశ్రమం) ఎక్కించి, డై నోట్లోంచి అదే వచ్చేదాకా ఆగాలి. బ్యారెల్‌లో మిగిలేది అదే అయితే చల్లారేటప్పుడు యాసిడ్ వదలదు. ఎక్కువ రోజులు ఆపేటట్టయితే డై విప్పి, వేడి మీదే ఇత్తడి పనిముట్లతో శుభ్రం చేయాలి. ఇనప స్క్రూడ్రైవర్‌తో గీకితే పడే ప్రతి గీతా రేపటి గుంటకు పునాది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద మొదట ఎక్కాల్సింది ఆఫీసు ఏసీ కాదు, మెయిన్ మోటార్. బ్యారెల్ వేడి తగ్గకముందే కొద్ది నిమిషాలు స్క్రూ తిప్పి లోపలిది బయటికి తోసేస్తే, తర్వాత సగం రోజు గీకే పని ఉండదు. బాగా చల్లారిపోయాక మాత్రం తిప్పకూడదు, స్క్రూ విరుగుతుంది.

పర్జింగ్ గురించి ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. గేర్లు, బుష్‌లు చేసే అసిటాల్ అనే రెసిన్ ఉంది, పీఓఎం అని కూడా అంటారు. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చుల్లోకి తోసే ఇంజెక్షన్ మోల్డింగ్ షాపుల్లో ఒకే మెషీన్ మీద ఇవాళ పీవీసీ, రేపు అసిటాల్ నడుస్తాయి. ఈ రెండూ వేడి బ్యారెల్‌లో కలవకూడదు. పీవీసీ వదిలే యాసిడ్ తగిలితే అసిటాల్ ఒక్కసారిగా విడిపోయి ఫార్మాల్డిహైడ్ వాయువు అవుతుంది. ఆ ఒత్తిడికి నాజిల్‌లోంచి కరిగిన ప్లాస్టిక్ చిమ్ముతుంది, మనుషులు కాలిపోతారు. మధ్యలో పాలిథిన్‌తోనో వేరే తటస్థ రెసిన్‌తోనో పూర్తిగా కడగాలి. కుదరకపోతే మెషీన్లే వేరు చేయాలి.

స్టెబిలైజర్ విషయంలో ఇప్పుడు మన దేశంలో పెద్ద మార్పు నడుస్తోంది. చాలాకాలం సీసం ఆధారిత స్టెబిలైజర్లు వాడారు. సీసం యాసిడ్‌ను పట్టుకుని సీసం క్లోరైడ్ అవుతుంది, అది మెదలకుండా పడి ఉంటుంది, ఇంకా విడిపోవడానికి తోడ్పడదు. అందుకే ఆపరేటర్ కాస్త అటూఇటూ అయినా మెటీరియల్ కాసుకునేది. కానీ తాగునీటి పైపులో సీసం ఉండకూడదు, దానిమీద వాదన అవసరం లేదు. కేంద్ర పర్యావరణ శాఖ 2021లో పీవీసీ పైపులు, ఫిట్టింగుల్లో సీసం స్టెబిలైజర్ల మీద నియమాలు తెచ్చింది. బదులుగా వచ్చిన వాటిలో ముఖ్యమైనది కాల్షియం-జింక్. ఇందులో జింక్ ముందుగా యాసిడ్‌ను పట్టుకుని జింక్ క్లోరైడ్ అవుతుంది. అది మెదలకుండా ఉండే రకం కాదు, ఇనుము క్లోరైడ్ లాగే గొలుసు విడిపోవడాన్ని తొందర చేస్తుంది. కాల్షియం దాన్ని తిరిగి మామూలు చేస్తున్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. కాల్షియం అయిపోయిన క్షణాన పసుపు, గోధుమ రంగు దశలు సరిగ్గా చూపించకుండానే మెటీరియల్ నల్లగా మాడిపోతుంది. జింక్ బర్నింగ్ అంటారు దీన్ని. సీసం రోజుల్లో చేయి తిరిగిన ఆపరేటర్‌ను ‘నీకేం రాదు’ అని కసరడం అన్యాయం. రంగు చూసి జాగ్రత్తపడే వ్యవధే ఇప్పుడు తగ్గింది, అది అతనికి కూర్చోబెట్టి చెప్పాలి.

ఫిట్టింగులు చేసే అచ్చుల దగ్గర తుప్పు ఇంకో రూపంలో వస్తుంది. ఎల్బో, టీ తొందరగా గట్టిపడాలని అచ్చులోకి 10, 15 డిగ్రీల చిల్లర్ నీళ్లు పంపుతారు. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో గాలిలో తేమ ఎంతంటే 25 డిగ్రీల దగ్గరే నీటి చుక్కలు చేరే పరిస్థితి. చల్లటి సోడా సీసాకు చెమట పట్టినట్టు అచ్చుకు పడుతుంది. అచ్చు లోపల అప్పుడే వచ్చిన హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. ఒక్క భోజనం విరామం చాలు, మెరుగుపెట్టిన అచ్చు ముఖం మీద నారింజ రంగు మచ్చలు తేలడానికి. వీళ్లకు నేను చెప్పేది చౌకైన మాట. షిఫ్టు ఆఖరి పది, పదిహేను షాట్లకు (అచ్చు నింపే విడతలకు) ముందే చిల్లర్ నీళ్లు కట్టేయండి, అచ్చు వేడెక్కనివ్వండి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి, సోడా యాసిడ్‌ను చంపుతుంది. మంచినీళ్లతో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, తుప్పు నిరోధక నూనె పట్టించి మూయండి. ఆ రాత్రి మా స్క్రూకు మేము చేయనిది ఇదే.

ఆ వాయువు అచ్చులోనే ఆగదు. షెడ్డు రేకులు, ప్యానెల్ బోర్డులో రాగి కాంటాక్టులు, పక్క మెషీన్ బేరింగులు అన్నీ దాని దారిలోనే ఉంటాయి. మెషీన్ పక్కన ఎనిమిది గంటలు నిలబడే మనిషి ముక్కు, గొంతు కూడా. గాలిలో 5 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఐదు) దాటకూడదని అమెరికా కార్మిక భద్రతా నియమాల పరిమితి. డై మీదా వెంట్ దగ్గరా వాయువును లాగే ఎగ్జాస్ట్ పెట్టడం మెషీన్‌కూ మనిషికీ ఒకే ఖర్చుతో జరిగే రక్షణ. ‘ఘాటు అలవాటైపోయింది సార్’ అని ఒక కుర్రాడు చెప్పినప్పుడు నాకు వేసిన భయం ఇప్పటికీ పోలేదు.

క్లోరిన్ స్థానంలో ఫ్లోరిన్ ఉన్న రెసిన్లలో ఇదే కథ ఇంకా పదునుగా ఉంటుంది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ ఒక గ్యాస్ సిలిండర్ తెరిస్తే గ్యాస్ రాలేదు, బరువు మాత్రం ఉంది. కోసి చూస్తే లోపల తెల్లటి పొడి. అదే పీటీఎఫ్‌ఈ, మనం టెఫ్లాన్ అని పిలిచేది. దాదాపు ఏ యాసిడ్‌కూ లొంగదు. మన దగ్గర సంగారెడ్డి జిల్లా రుద్రారంలో ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ దీన్ని తయారుచేసేది. ఆ సంస్థను మూసేయడానికి 2020లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పీటీఎఫ్‌ఈ కరిగి పారదు కాబట్టి పొడిని అదిమి, కొలిమిలో కాలుస్తారు. దాని చుట్టాలు ఎఫ్‌ఈపీ, పీఎఫ్‌ఏ మాత్రం స్క్రూలోంచి పారతాయి, అదీ 300 డిగ్రీలు దాటిన వేడిలో. అక్కడ విడిపోతే వచ్చే వాయువులు తేమతో కలిసి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అవుతాయి. గాజును కూడా తినే యాసిడ్ అది. నైట్రైడింగ్ స్టీలు అక్కడ ఎన్నాళ్లో ఉండదు. బ్యారెల్ లోపలి పొర, స్క్రూ, డై అన్నీ నికెల్ మిశ్రలోహాలతో చేయాలి. హాస్టెల్లాయ్ సి-276 వాటిలో ఒకటి, అందులో సగానికి పైగా నికెలే, 16 శాతం దాకా మాలిబ్డినం. మామూలు స్క్రూతో పోలిస్తే ధర చాలా ఎక్కువ, గట్టిదనం తక్కువ. ఇక్కడ ఆ బేరం తప్పదు.

అంత కష్టపడి చేసిన రెసిన్ చివరికి మళ్లీ తుప్పు నుంచి కాపాడే పనికే వెళ్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీల్లో యాసిడ్ పారే స్టీలు పైపుల లోపల పీటీఎఫ్‌ఈ గొట్టం అస్తరుగా ఉంటుంది. లైనింగ్ ఉంది కదా, ఇక స్టీలుకు భయం లేదనుకుంటాం. కానీ హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి చిన్న అణువులు ఆ గొట్టం గోడలోంచి కొద్దికొద్దిగా దూరి అవతలికి వస్తాయి. చిల్లు లేకుండానే. అందుకే అలాంటి పైపుల స్టీలు గోడకు తయారీలోనే సన్నటి రంధ్రాలు పెడతారు, దూరి వచ్చిన వాయువు బయటికి పోవాలని. పైపులకు రంగు వేసే కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. అతను శ్రద్ధగా పని చేసి రంధ్రం కూడా కప్పేస్తాడు. అప్పుడు వాయువు లైనింగ్‌కూ స్టీలుకూ మధ్య చేరి, లైనింగ్‌ను లోపలికి ఉబ్బిస్తుంది, స్టీలును వెనక నుంచి తింటుంది. బయటికి పైపు కొత్త రంగుతో నిగనిగలాడుతూనే ఉంటుంది.

రంగు వేసే ముందు ప్రతి రంధ్రం మీదా చిన్న టేపు ముక్క అంటించి, పని అవ్వగానే పీకేయాలి. నెలకోసారి తడిపిన నీలి లిట్మస్ కాగితం అక్కడ ఆనించి చూడాలి. ఎర్రబడటం పోయిన నెల కంటే తొందరగా జరిగితే, ఆ పైపు ముక్కను లైనులోంచి విప్పి లోపలి గొట్టాన్ని కళ్లారా చూడాలి.